సగటు చూసి సంబరపడకు అమ్మలూ

అమ్మలూ,

నీ ప్రాజెక్ట్ రిపోర్ట్ మొత్తం చదివేను. అరసవల్లి దర్శనం టికెట్ల సైట్ చేద్దామన్న ఆలోచన చాలా బాగుంది, కోడ్ కూడా నీట్‌గా రాసేవు, కానీ ఆఖర్న "సగటు రెస్పాన్స్ టైమ్ 7 మిల్లీసెకన్లు" అని పెట్టేవు చూడు, నేను అక్కడే ఆగిపోయేను.

టెస్ట్ మొదలెట్టకముందే అసలు ఏటి తెలుసుకోవాలో ఒక ముక్కలో రాసుకోమ్మా. రథసప్తమికి అర్ధరాత్రి నుంచే జనం లైన్లు కట్టేస్తారు కదా, అలాంటి రోజు టికెట్లు ఓపెన్ చేయగానే అందరూ ఒకేసారి పడితే అందరికన్నా వెనకున్నోడికి పేజీ ఎంతసేపట్లో వస్తాది, నీ సైట్‌కి అదే అసలు ప్రశ్న.

ఇప్పుడు నీ టెస్ట్ స్క్రిప్ట్ సంగతి. అది ఒక రిక్వెస్ట్ పంపి, జవాబొచ్చేదాకా కూర్చుని, తర్వాతే ఇంకోటి పంపుతోంది. సెకనుకి 100 చొప్పున నిమిషం నడిపేవనుకో, మధ్యలో సర్వర్ 10 సెకన్లు బిగుసుకుపోయింది. ఆ పది సెకన్లూ నీ స్క్రిప్ట్ కూడా ఆగిపోతాది, అందుకని లెక్కలో 5000 ఫాస్ట్ జవాబులు, ఒకే ఒక్క స్లో జవాబు పడతాయి, సగటు భేషుగ్గా కనిపిస్తాది. నిజం జనం అలా ఆగరు కదమ్మా, ఆ పది సెకన్లలో ఇంకో వెయ్యిమంది వచ్చేసుంటారు, అంటే 6000 మందిలో వెయ్యిమంది, ఆరుగురిలో ఒకరు, తెల్ల స్క్రీన్ చూస్తూ కూర్చున్నట్టే. గిల్ టెనే అనే ఆయన దీనికి కోఆర్డినేటెడ్ ఒమిషన్ అని పేరు పెట్టేడు. డబ్ల్యూఆర్‌కే2 (wrk2) అనే లోడ్ టెస్ట్ టూల్ చెప్పిన స్పీడులోనే పంపుతూ ఈ వెయిటింగ్‌ని కూడా లెక్కేస్తాది, అది వాడు. రిపోర్ట్‌లో సగటొక్కటే కాకుండా 99 పర్సంటైల్ (అంటే వందలో 99 జవాబులు ఎంతసేపటిలోపు వచ్చేయో ఆ టైమ్), మాక్సిమమ్ కూడా రాయి.

లోడ్ పెంచుకుంటూ చూడడం కూడా చాలా ముఖ్యం. జనం ఒక వరసలో కాకుండా ఎప్పుడు పడితే అప్పుడు వస్తుంటే, క్యూయింగ్ థియరీలో (లైన్లలో ఎంతసేపు ఆగాలో లెక్కకట్టే గణితం) అన్నిటికన్నా సింపుల్ మోడల్ ప్రకారం 10 మిల్లీసెకన్ల పని సర్వర్ 50 శాతం బిజీగా ఉన్నప్పుడు 20 అవుతాది, 80 శాతానికి 50, 90 శాతానికి ఏకంగా 100. సగం లోడ్‌లో బాగుంది కాబట్టి ఫుల్ లోడ్‌లో దానికి రెట్టింపే అవుతాదిలే అనుకోకు.

ఇంకా టెస్ట్ టూల్, సర్వర్ రెండూ నీ ఒక్క లాప్‌టాప్‌లోనే పెట్టేవు, అవి ఒకే సీపీయూ కోసం కొట్టుకుంటాయి, హాస్టల్‌లో ఫ్రెండ్ లాప్‌టాప్ అడుగు. డేటాబేస్ టేబుల్‌లో 200 వరసలు (rows) ఏ మూలకి? అంతా మెమరీలోనే సరిపోతాది, డిస్క్ సంగతి తెలీనే తెలీదు. ఛార్జర్ పెట్టే నడుపు, వేడెక్కితే సీపీయూ స్పీడ్ దానంతటదే తగ్గిపోతాది కాబట్టి ఒక్కసారి నడిపి వదిలేయకుండా పదిసార్లు నడిపి తేడా ఎంతుందో కూడా రాయి.

డేటాబేస్ మార్చేస్తానన్నావు కదా, ముందు ప్రొఫైలర్ (ఏ పనికి ఎంత టైమ్ పోతోందో చూపించే టూల్) పెట్టి చూడు. మొత్తం టైమ్‌లో డేటాబేస్ వాటా 10 శాతమే అయితే, దాన్ని సున్నా చేసినా సైట్ 1.11 రెట్లే ఫాస్ట్ అవుతాది. ఆ కష్టమేదో మిగతా 90 శాతం మీద పెట్టు.

మీ మావయ్య
శ్రీకాకుళం