బెడ్‌రూమ్‌లో హైడ్రోపోనిక్స్: సీఓటూ సిలిండర్ ఆర్డర్ పెట్టే ముందు ఇది చదవండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది: ఫ్లాట్‌లో 10 బై 12 అడుగుల గది ఖాళీగా ఉంది, అందులో రెండు ర్యాకులు పెట్టి హైడ్రోపోనిక్స్‌లో, అంటే మట్టి లేకుండా ఎరువు కలిపిన నీళ్లలో, లెట్యూస్ (సలాడ్ ఆకు), బేసిల్ (తులసి జాతి ఆకు) వేద్దామనుకుంటున్నారు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఎంతది కావాలి, లైట్లు ఎన్ని వాట్లు, సీఓటూ (కార్బన్ డయాక్సైడ్, మొక్కలు గాలిలోంచి తిండిగా తీసుకునే గ్యాసు) సిలిండర్ కొనాలా? వీడియోల్లో గది గాలిలో సీఓటూ 1,500 పీపీఎమ్ (పది లక్షల భాగాల గాలిలో 1,500 భాగాలు) ఉండాలంటున్నారు, వాసన పీల్చే కార్బన్ ఫిల్టర్ తప్పనిసరి అంటున్నారు, నిజమేనా?

ముందు ఆ వీడియోల సంగతి చెప్తాను. నాలుగేళ్ల క్రితం నేనూ అవే చూసి మొదలుపెట్టాను. గదిలో మొక్కలు పెంచడం గురించి ఇంగ్లీషులో దొరికే సలహాల్లో చాలా భాగం గంజాయి పెంచేవాళ్లవి. కెనడాలో 2018 అక్టోబరు నుంచి అది చట్టబద్ధం, అమెరికాలోనూ కొన్ని రాష్ట్రాల్లో ఒప్పుకుంటారు, కాబట్టి అక్కడివాళ్లు బాహాటంగానే చెప్పుకుంటారు. మన దగ్గర మాదకద్రవ్యాల మీద 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం ఉంది, లైసెన్సు లేకుండా పెంచితే కేసే. మీరు పెంచేది అది కాదని తెలుసు. నా బాధల్లా ఆ లెక్కలతోనే. అది ఎండ విపరీతంగా తాగే మొక్క, దాన్ని పూత కోసం పెంచుతారు. మనది ఆకుకూర. పత్తి చేనుకు రాసిచ్చిన మందుల చీటీ తెచ్చి తోటకూర మడిలో కొట్టినట్టు చేశాను నేను. ఆరు నెలలు, చేతి నుంచి బోలెడు డబ్బు పోయాక గానీ అర్థం కాలేదు.

మాది హైదరాబాద్, నిజాంపేట వైపు. మీ గదంతే గది, ఏసీ ఉంది. రెండు ర్యాకులకు కలిపి ఎనిమిది అరలు, ఒక్కో అరలో 4 బై 2 అడుగుల ట్రే. అంటే దాదాపు 6 చదరపు మీటర్ల పంట. మీరూ ఇంచుమించు ఇంతే వేస్తారనుకుని లెక్క చెప్తున్నాను.

మొదట్లో చల్లదనం పోకూడదని కిటికీకి థర్మోకోల్ పెట్టి, సందులన్నీ టేపు వేసి మూసేశాను. పదిహేను రోజులు బాగానే ఉన్నాయి, ఆ తర్వాత ఎదుగుదల ఆగిపోయింది. ఎరువు మార్చాను, నీళ్లు మార్చాను. చివరికి ఒక స్నేహితుడు తన సీఓటూ మీటర్ తెచ్చి పెట్టాడు. ఉదయం 6కి లైట్లు వెలిగినప్పుడు 450 చూపించింది, 10 అయ్యేసరికి 240కి పడిపోయింది. బయటి గాలిలోనే 420 పైన ఉంటుంది. అంటే మొక్కలు గదిలో ఉన్నదంతా తినేసి ఆకలితో కూర్చున్నాయన్నమాట. నేనేమో ఎరువు సీసాలు మారుస్తున్నాను.

అదే మీటర్‌ని ఆ రాత్రి ఊరికే చూద్దామని మేం పడుకునే గదిలో పెట్టాను. తలుపు, కిటికీ మూసి, ఏసీ వేసి ఇద్దరం పడుకున్నాం. తెల్లారి 1,850! మా ఆవిడ "అందుకే రోజూ పొద్దున్నే తల బరువు" అంది. నాకు మాత్రం అక్కడే దారి దొరికింది. లెక్క చూడండి: ఇంత పంటకు రోజుకు కావాల్సిన సీఓటూ సుమారు 100 నుంచి 150 గ్రాములు. ఒక మనిషి రోజుకు వదిలేది దాదాపు కిలో. ఇంట్లో నలుగురం ఉన్నాం, ఇక సిలిండర్ ఎందుకండీ?

అప్పటి నుంచి చేస్తున్నది ఇదే. గది తలుపు కింద రెండంగుళాలు కోయించాను. కిటికీలో 6 అంగుళాల ఎగ్జాస్ట్ పెట్టి, టైమర్‌తో గంటకు రెండుసార్లు, ఐదేసి నిమిషాలు తిప్పుతాను. ఫ్యాన్ గాలిని బయటికి తోస్తుంటే హాల్లో గాలి తలుపు కింద నుంచి లోపలికి వస్తుంది. ఎటు నుంచి వస్తోందో తెలియాలంటే అగరుబత్తి వెలిగించి తలుపు సందు దగ్గర పట్టుకోండి. పొగ లోపలికి వంగితే సరే. కిటికీ అంచుల్లోంచి లోపలికి వస్తుంటే అక్కడ టేపు వేయండి, లేదంటే మే నెల వడగాలి నేరుగా ట్రేల మీదకు వస్తుంది. మేం పడుకునే గది తలుపు కూడా ఇప్పుడు తెరిచే ఉంచుతున్నాం. మొక్కల గదిలో రీడింగ్ 500 నుంచి 700 మధ్య నిలుస్తుంది, లెట్యూస్‌కి అది హాయిగా సరిపోతుంది. 1,000 దాకా పెంచితే ఇంకొంచెం ఎదుగుతుంది, నిజమే. కానీ మీరు కడుపు నింపుకోవడానికి పెంచే ఆకుకి ఆ కొంచెం కోసం గ్యాసు కొనక్కర్లేదు.

సిలిండర్‌తో ఇంకో చిక్కుంది. ఎగ్జాస్ట్ తిరుగుతుంటే మీరు వదిలిన గ్యాసంతా కిటికీలోంచి పోతుంది. 100 సీఎఫ్ఎమ్ ఫ్యాన్ (నిమిషానికి 100 ఘనపుటడుగుల గాలి తోసేది) ఆగకుండా తిరిగే గదిలో బయటికన్నా 500 పీపీఎమ్ ఎక్కువ నిలపాలంటే గంటకు 150 గ్రాములు పోయాలి. మొక్కలు తీసుకునేది అందులో 7 గ్రాములు. మిగతాది పక్క అపార్ట్‌మెంట్‌కి. పోనీ ఎగ్జాస్ట్ ఆపేద్దామంటే వేడి, తడి పేరుకుంటాయి.

అసలు భయం అది కూడా కాదు. నేనూ ఒక చిన్న సిలిండర్ తెచ్చాను, దాచడమెందుకు. రెగ్యులేటర్ సరిగ్గా బిగించలేదు, తప్పు నాదే. పొద్దున తలుపు తీసి చూస్తే మీటర్ 5,000 దగ్గర ఆగి ఉంది. దాని స్కేలే అంతవరకు, అసలు ఎంత ఉందో ఎవరికి తెలుసు. ఊపిరి బిగబట్టి వెళ్లి కిటికీ తీసి బయటపడ్డాను. నిజానికి లోపలికి వెళ్లకుండా ఎగ్జాస్ట్ స్విచ్ బయట పెట్టించుకోవాల్సింది. 10 బై 12 గదిలో ఒక్క కిలో గ్యాసు మొత్తం లీకైతే 16,000 పీపీఎమ్ అవుతుంది, 8 గంటల పనికి పెట్టిన పరిమితే 5,000. నాలుగైదు కిలోల సిలిండర్ అయితే ప్రాణం మీదకే వస్తుంది. రంగు ఉండదు, గదిలో తెలిసేంత వాసన ఉండదు, గాలికన్నా బరువు. మా తాతగారి ఊళ్లో పాడుబడ్డ బావిలోకి దిగే ముందు తాడుకి లాంతరు కట్టి దించేవారు, ఆరిపోతే ఎవరూ దిగేవారు కాదు. ఆ లాంతరు ఆరే స్థాయికన్నా ముందే మనిషికి ప్రమాదం మొదలవుతుందని నాకు తర్వాత తెలిసింది. పిల్లలు తిరిగే ఇంట్లో ఇది వద్దు. ఈస్టు, చక్కెర కలిపిన సీసాలు పెట్టమని కూడా చెప్తుంటారు. కిలో చక్కెర పులిసి పులిసి వారం రోజుల్లో అర కిలో గ్యాసు ఇస్తుంది, గదంతా కల్లు దుకాణం వాసన అదనం. ఎల్‌పీజీ బర్నర్ వెలిగించడం మాత్రం కలలో కూడా వద్దు, సరిగ్గా మండకపోతే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది.

సీఓటూ మీటర్ కొనేటప్పుడు ఎన్‌డీఐఆర్ సెన్సర్ (ఇన్‌ఫ్రారెడ్ వెలుగుతో సీఓటూని కొలిచేది) ఉందో లేదో చూడండి. చవకగా దొరికే ఎమ్‌క్యూ-135 సెన్సర్లు అగరుబత్తి పొగకీ, శానిటైజర్‌కీ అంకె పెంచేస్తాయి, వాటిని నమ్మొద్దు.

ఇక గాలి కదలిక. దీన్ని ఎవరూ పట్టించుకోరు, నాకు ఎక్కువ నష్టం చేసింది ఇదే. లెట్యూస్ మధ్యలో లేత ఆకుల అంచులు గోధుమరంగుకి తిరిగి ఎండిపోయేవి. కాల్షియం లోపం అని చదివి కాల్షియం నైట్రేట్ పోస్తూ పోయాను, ఈసీ (నీళ్లలో ఎరువు ఎంత చిక్కగా ఉందో చెప్పే కొలత) 1.4 నుంచి 2కి చేరింది. మచ్చలు ఇంకా పెరిగాయి! నీళ్లలో కాల్షియం సరిపడా ఉంది, అది లేత ఆకు దాకా చేరడం లేదు. వేరు నుంచి కాల్షియం నీటితోపాటే పైకి వస్తుంది, ఆకు ఆవిరి వదిలితేనే నీళ్లు పైకి వస్తాయి. గుబురు మధ్యలో గాలి కదలకపోతే ఆ లేత ఆకు ఆవిరి వదలదు. పాత కంప్యూటర్లలో ఉండే 12 వోల్టుల ఫ్యాన్లు అరకు రెండు చొప్పున, కాస్త కిందికి వంచి బిగించాను. ఈసీ మళ్లీ 1.4కి తెచ్చాను. తర్వాతి బ్యాచ్‌లో వెతికితే గానీ మచ్చ కనపడలేదు. ట్రే పైన దారం ముక్క వేలాడదీసి చూడండి, అది సన్నగా ఊగితే చాలు. ఆకులు పటపటా కొట్టుకుంటే ఎక్కువైనట్టు.

లైట్ల దగ్గర వాట్లు చూసి మోసపోకండి. నేను మొదట కొన్న ఊదారంగు ప్యానెల్ డబ్బా మీద 1,000 వాట్లు అని ఉంది, ప్లగ్ మీటర్ పెడితే 110 చూపించింది. పైగా ఆ ఊదా వెలుగులో ఆకు పచ్చగా ఉందో పసుపెక్కిందో తెలియదు. తెల్ల ఎల్ఈడీ బార్లు తీసుకోండి. ఫోన్‌లో లక్స్ యాప్ (వెలుగు కొలిచేది) పెట్టుకుని ఆకుల ఎత్తులో కొలవండి. వచ్చిన అంకెను 70తో భాగిస్తే మొక్కకు పనికొచ్చే వెలుగు సుమారుగా తెలుస్తుంది, దాన్నే పీపీఎఫ్‌డీ అంటారు. 15,000 లక్స్ వచ్చిందంటే 210 పైన ఉన్నట్టు. ఆ వెలుగు రోజుకు 16 గంటలు ఇస్తే లెట్యూస్‌కి చాలు, బేసిల్‌కి 20,000 దాకా ఇవ్వండి. ఫోన్ కొలత కచ్చితంగా ఉండదు, కానీ ట్రే మధ్యలో ఎంత, మూలల్లో ఎంత అన్న తేడా బాగా పట్టిస్తుంది. నా మూలల్లో సగమే వచ్చేది, అందుకే నారు దశలో ఉన్నవి అక్కడ పెడతాను. వీడియోల్లో చెప్పే 800, 1,000 పీపీఎఫ్‌డీ ఇస్తే లెట్యూస్ అంచులు మాడి చేదెక్కుతుంది.

ఎనిమిది అరలకూ కలిపి నాకు 600 వాట్లు పడుతోంది. రోజుకు 9.6 యూనిట్లు, నెలకు 290 దాకా, ఏసీ కాకుండానే. ఈ 600 వాట్లూ చివరికి వేడిగానే మిగులుతాయి. అందుకే లైట్లు రాత్రి 8 నుంచి మధ్యాహ్నం 12 వరకు వేస్తాను, మండుటెండ వేళ గది చీకటిగా ఉంటుంది. దీనివల్ల రాత్రిపూట తడి సమస్య కూడా తగ్గింది. మునుపు లైట్లు ఆరాక చల్లబడి తేమ 90 శాతం దాటేది, థర్మోకోల్ మీద నల్ల బూజు పట్టింది. మొక్కలు తాగిన నీళ్లలో ఎక్కువ భాగం గాలిలోకే వస్తుంది మరి. ఏసీ పైపు కింద బకెట్ పెడితే రోజుకు 10 లీటర్లు నిండుతుంది. లైట్లు లేని ఎనిమిది గంటలు కూడా అరల ఫ్యాన్లు ఆపకండి.

కార్బన్ ఫిల్టర్ ఇప్పటికే కొనేసి ఉంటే, బిల్లుంటే వాపసు ఇచ్చేయండి. అది గంజాయి వాసన పక్కింటికి చేరకుండా వాళ్లు పెట్టుకునేది. లెట్యూస్‌కి వాసనే లేదు. బేసిల్ వాసన వరండాలోకి వెళ్తే మహా అయితే మీ పక్క ఫ్లాట్ వాళ్లు పిజ్జా ఎక్కణ్నించి తెప్పించారని అడుగుతారు.