బుజ్జి కుక్కపిల్లకు ఏ డాక్టర్?

ప్రశ్న: మాది హనుమకొండ. రెండు నెలల పొమేరియన్ పిల్లను తెచ్చుకున్నాం. డాక్టర్‌ను ఎలా ఎంచుకోవాలి?

జవాబు: ముందు బీవీఎస్సీ (పశువైద్య డిగ్రీ) చదివిన డాక్టరేనా అని అడగండి. పిల్లను తూకం వేసి, ఆ బరువును బట్టే మందు ఇచ్చేవాళ్లయితే నమ్మొచ్చు, ఇంత చిన్న ప్రాణానికి నులిపురుగుల మందు ఎక్కువైనా కష్టమే. పార్వో (కుక్కపిల్లల ప్రాణం తీసే అంటువ్యాధి) టీకా మూడు నాలుగు వారాలకోసారి, 16 వారాల వయసు దాకా వేయించాలి, ఆ తేదీలు కార్డులో రాయించుకోండి. అన్నిటికంటే ముఖ్యం, రాత్రి ఫోన్ ఎత్తుతారా? చిన్న జాతి పిల్లలు కొన్ని గంటలు తినకపోతే రక్తంలో చక్కెర పడిపోయి వణుకుతాయి, తూలిపోతాయి, అప్పుడు తెల్లారేదాకా ఆగలేం. మామునూరులో పశువైద్య కళాశాల ఉంది, అక్కడా అడిగి చూడండి. టీకాలు పూర్తయ్యేదాకా క్లినిక్‌లో పిల్లను నేలమీదకు దించకండి, ఒళ్లోనే ఉంచుకోండి.