వ్యాలిడేటర్ ఆగింది, మెయిల్ రాలేదు: మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: ఒకే కంప్యూటర్లో ఇథీరియమ్ వ్యాలిడేటర్ (డిపాజిట్ కట్టి, బ్లాక్‌చెయిన్ బ్లాకులను సరిచూసి సంతకం చేసే ప్రోగ్రామ్) నడుపుతున్నాను. దాని అంకెలు సేకరించే ప్రొమీథియస్, వాటిని డ్యాష్‌బోర్డుగా చూపే గ్రఫానా కూడా అందులోనే ఉన్నాయి. రోజంతా డ్యాష్‌బోర్డు ముందు కూర్చోలేను కదా! తేడా వస్తే ఈమెయిల్ రావాలంటే ఏం చేయాలి?

జవాబు: ప్రొమీథియస్ ఉందంటే సగం పని అయిపోయినట్టే. దానికి అలర్ట్‌మేనేజర్ జోడించండి. హద్దు దాటిందో లేదో చూసేది ప్రొమీథియస్, మెయిల్ పంపేది అలర్ట్‌మేనేజర్. ఇది మామూలుగా 9093 పోర్టులో నడుస్తుంది. ప్రొమీథియస్ కాన్ఫిగ్‌లో ఈ చిరునామా, రూల్స్ ఫైలు పేరు రెండూ రాయాలి. రూల్స్ ఫైలు పేరు మరిచిపోతే ఎర్రరూ రాదు, అలర్టూ రాదు.

మెయిల్ సర్వర్‌కి పోర్టు 587 ఇవ్వండి. 25ని స్పామ్ భయంతో చాలా నెట్, క్లౌడ్ కంపెనీలు మూసేస్తాయి. జీమెయిల్ నుంచి పంపేటట్లయితే మామూలు పాస్‌వర్డ్ పనిచేయదు. టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేసి, 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ తీసుకోవాలి. అది కాన్ఫిగ్ ఫైల్లో పడి ఉంటుంది కాబట్టి అలర్టుల కోసం విడిగా ఒక ఖాతా తెరవడం మేలు. సెండ్ రిజాల్వ్‌డ్ అనే ఆప్షన్ మెయిల్‌కి మొదట్లో ఆఫ్‌లో ఉంటుంది. ఆన్ చేస్తేనే సమస్య తీరిన కబురు కూడా అందుతుంది.

ఇక రూల్స్. ఎగ్జిక్యూషన్ క్లయింట్ (లావాదేవీలు నడిపేది), బీకన్ నోడ్ (చెయిన్‌పై మిగతా నెట్‌వర్క్‌తో ఏకాభిప్రాయం చూసేది), వ్యాలిడేటర్ క్లయింట్ (మీ కీలతో సంతకం చేసేది) మూడింటికీ వేర్వేరుగా ‘5 నిమిషాలు పలకలేదు’ అనే రూల్ పెట్టండి. అటెస్టేషన్, అంటే చెయిన్‌పై మీ వ్యాలిడేటర్ సంతకం చేసి వేసే ఓటు, ప్రతి ఇపాక్‌కి ఒకటి వెళ్లాలి. ఇపాక్ అంటే 12 సెకన్ల స్లాట్లు 32, అంటే 6 నిమిషాల 24 సెకన్లు. ఒక్కటి తప్పితే పట్టించుకోకండి, వరుసగా మూడు తప్పితే మెయిల్ రావాలి. డిస్కుకి ‘90 శాతం నిండితే’ అన్న రూల్ కంటే, గత 6 గంటల్లో నిండిన వేగాన్ని బట్టి 48 గంటల్లో ఖాళీ జాగా అయిపోతుందా అని లెక్కగట్టే ప్రెడిక్ట్ లీనియర్ అనే ఫంక్షన్ మంచిది. గడియారం అర సెకను అటూ ఇటూ అయినా చెప్పమనండి. స్లాట్ మొదలైన 4 సెకన్లకే అటెస్టేషన్ వెళ్లాలి మరి.

చాలామంది దెబ్బతినేది ఇక్కడ: ‘పీర్లు (మన నోడ్‌తో కలిసి ఉన్న ఇతర నోడ్‌లు) 10 కంటే తగ్గితే’ అని రూల్ రాస్తారు. క్లయింట్ చచ్చిపోతే పీర్ల సంఖ్య సున్నా కాదు, ఆ మెట్రిక్కే (కొలిచే అంకే) మాయమవుతుంది. లేని అంకె 10 కంటే తక్కువో కాదో ప్రొమీథియస్ తేల్చదు, అలర్ట్ మోగదు. క్లయింట్‌ని అప్‌డేట్ చేశాక మెట్రిక్ పేరు మారినా ఇదే తంతు. అందుకే ముఖ్యమైన ప్రతి మెట్రిక్‌కీ ‘కనిపించకపోతే’ అని చూసే ఆబ్సెంట్ రూల్ జతచేయండి. మెయిల్ వస్తుందో లేదో పరీక్షించడానికి నోడ్‌ని ఆపక్కర్లేదు. పీర్ల హద్దుని కాసేపు 1000కి పెంచి రీలోడ్ చేస్తే సరి.

ప్రశ్న: అవన్నీ చేశాను. మొన్న కరెంటు పోయి నోడ్ గంటలకొద్దీ ఆగింది. ఒక్క మెయిలూ రాలేదేం?

జవాబు: ఎలా వస్తుంది? మెయిల్ పంపాల్సినది కూడా అదే మెషీన్‌తో పాటు పడుకుంది. లోపలి కాపలా ఎంత బాగున్నా బయట ఇంకొకరు చూస్తూ ఉండాలి. ప్రొమీథియస్‌లో ఎప్పుడూ నిజమయ్యే రూల్ ఒకటి రాసి, దాన్ని అలర్ట్‌మేనేజర్ వెబ్‌హుక్‌తో (వెబ్ చిరునామాకి సందేశం పంపే పద్ధతితో) హెల్త్‌చెక్స్ లాంటి బయటి సర్వీసుకి పంపండి. 10 నిమిషాలు ఆ పలకరింపు అందకపోతే వాళ్లే మీకు మెయిల్ చేస్తారు.

ఒక మెలిక ఉంది. అలర్ట్‌మేనేజర్ అదే అలర్ట్‌ని మళ్లీ పంపే వ్యవధి, అంటే రిపీట్ ఇంటర్వల్, ఏమీ మార్చకపోతే 4 గంటలు. దాన్నొక్కదాన్నే 1 నిమిషం చేసినా చాలదు. గ్రూప్ ఇంటర్వల్ (ఒక గుంపు అలర్టుల్ని మళ్లీ చూసే వ్యవధి) గడిచినప్పుడే రిపీట్ సంగతి చూస్తుంది, అది ఏమీ మార్చకపోతే 5 నిమిషాలు. ఈ అలర్ట్ వెళ్లే రూట్‌కి (దారికి) రెండూ తగ్గించండి.

ఇది కరెంటు, నెట్, ప్రొమీథియస్ బతికున్నాయనే చెబుతుంది. సంతకాలు నిజంగా చెయిన్‌లోకి ఎక్కుతున్నాయా అన్నది చెయిన్ వైపు నుంచే చూడాలి. బీకన్‌చా.ఇన్ లాంటి ఎక్స్‌ప్లోరర్‌లో మీ వ్యాలిడేటర్ నంబరు చేర్చి నోటిఫికేషన్ పెట్టుకోండి. అక్కడ పబ్లిక్ కీ ఇస్తే ప్రమాదం లేదు. సీడ్ పదాలు (మీ కీలన్నీ పుట్టించే రహస్య పదాలు) అడిగే సైటైతే వెంటనే మూసేయండి.

ప్రశ్న: మెషీన్ రీస్టార్ట్ అయినప్పుడల్లా డజన్ల మెయిళ్లు! చూడటమే మానేశాను.

జవాబు: ఇన్‌హిబిట్ రూల్ పెట్టండి. క్లయింటే పలకనప్పుడు పీర్లు, సింక్ గురించిన అలర్టులు అణగిపోతాయి. మిగిలినవాటిని గ్రూప్ చేస్తే ఒకే మెయిల్లో వస్తాయి. అయినా నిద్రలేపడానికి మెయిల్ పనికిరాదు, అత్యవసరమైనవి ఫోన్ మోగే దారిలోకి మళ్లించండి.

ప్రశ్న: అలర్ట్ రాగానే, అవే కీలతో రెండో కంప్యూటర్ దానంతటదే మొదలయ్యేలా చేయొచ్చా?

జవాబు: వద్దు. మొదటిది పలకడం లేదంటే ఆగిపోయిందని కాదు, దాని మెయిల్ దారి మాత్రమే తెగి ఉండొచ్చు. రెండూ ఒకేసారి సంతకం చేస్తే స్లాషింగ్ పడుతుంది: డిపాజిట్‌లో కొంత కోత, బలవంతపు ఎగ్జిట్. ఊరికే ఆగిపోతే పోయేది కొద్దిగానే. ఒక రోజు ఆగితే, మళ్లీ దాదాపు ఒక రోజు నడిస్తే పూడిపోతుంది. మార్చక తప్పకపోతే మొదటి మెషీన్‌లోంచి కీలు తీసేసి, స్లాషింగ్ ప్రొటెక్షన్ ఫైలుని (ఇదివరకు చేసిన సంతకాల చిట్టాని) ఎక్స్‌పోర్ట్ చేసి కొత్తదాంట్లో చేర్చండి. డాపుల్‌గాంగర్ రక్షణ (అవే కీలు ఇంకెక్కడైనా నడుస్తున్నాయా అని ముందు చూసేది) ఆన్‌లో పెట్టి, రెండు మూడు ఇపాక్‌లు ఓపిక పట్టండి.