ముదురు రంగు బట్ట మీద డిజైన్ దింపుకోవడం: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ముదురు రంగు బట్ట మీద డిజైన్ ఎలా దింపుకోవాలని అడుగుతూ వచ్చిన ఉత్తరాలు ఈసారి ఎక్కువగా ఉన్నందున, ఈ నెల శీర్షికను పూర్తిగా వాటికే కేటాయించాను. ఒకే సందేహాన్ని అడిగిన ఉత్తరాలను కలిపి ఒక్క ప్రశ్నగా ఇచ్చాను.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నేను ఆరు నెలలుగా మగ్గం వర్క్ నేర్చుకుంటున్నాను. లేత రంగు బట్టల మీద కార్బన్ పేపరుతో డిజైన్ దింపుకోవడం అలవాటైంది. ఇప్పుడు మా అమ్మాయి పెళ్ళికి ముదురు ఆకుపచ్చ రా సిల్క్ జాకెట్ కుట్టాలి. పెన్సిలు గీత కనబడడం లేదు. తెల్ల కార్బన్ పెడితే గీత ముక్కలు ముక్కలుగా పడి, రెండో రోజుకల్లా చెరిగిపోతోంది. మగ్గం షాపుల వాళ్ళు ఎలా దింపుతారు?
(ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం)

జవాబు: గీత తెగిపోవడం మీ చేతి పొరపాటు కాదండీ. రా సిల్క్ నేతలో అక్కడక్కడా లావు పోగులు ఉబ్బెత్తుగా ఉంటాయి కనుక, పైనుంచి ఎంత నొక్కి గీసినా కార్బన్ కాగితం ఆ పోగుల నెత్తిన తగులుతుందే తప్ప పక్కనున్న పల్లానికి అందదు. అంటుకున్న కాస్త తెలుపూ బట్టను మగ్గానికి బిగించేటప్పుడు, పని చేస్తూ అరచెయ్యి ఆనించినప్పుడు రాలిపోతుంది. అందుకే మగ్గం పనివారు ఇలాంటి బట్టకు కార్బన్ జోలికి పోకుండా, చిల్లులు గుచ్చిన ట్రేసింగ్ పేపరు వాడతారు. వాకిట్లో ముగ్గు వేయడానికి మనం తిరునాళ్ళలో కొనుక్కునే చిల్లుల పళ్ళెం ఎలా పనిచేస్తుందో ఇదీ అలాగే పనిచేస్తుంది. ఈ కిటుకు మన తీరానికి కొత్త కాదు. కోరమాండల్ తీరం నుంచి 18వ శతాబ్దంలో ఐరోపాకు ఓడలెక్కిన కలంకారీ బట్టల మీద కూడా చిల్లుల కాగితం గుండా బొగ్గుపొడి అద్ది నమూనా దింపేవారు. వాళ్ళది లేత బట్ట కాబట్టి నల్లపొడి సరిపోయింది, మీకు తెల్లపొడి కావాలి.

డిజైనును ముందుగా ట్రేసింగ్ పేపరు మీద గీసి, ఆ కాగితాన్ని నాలుగు మడతలు వేసిన దుప్పటి మీద పరచి, సన్నని సూదితో గీత వెంబడే నిలువుగా గుచ్చుతూ పోవాలి. చిల్లుకూ చిల్లుకూ మధ్య దూరం 1 నుంచి 2 మిల్లీమీటర్లు ఉంటే చాలు; నెమలి ముక్కు, మామిడిపిందె కొస వంటి మెలికలు తిరిగిన చోట మాత్రం ఇంకా దగ్గరగా గుచ్చాలి, లేకపోతే బట్ట మీద పడిన చుక్కలను ఎటు కలపాలో మీకే తెలియదు. పొడవైన అంచు గీతలకు దారం ఎక్కించని కుట్టుమిషను కింద కాగితాన్ని నడిపిస్తే పని త్వరగా అవుతుంది. గుచ్చడం పూర్తయ్యాక కాగితం వెనుక వేలితో తడిమి చూస్తే గరుకుగా తగులుతుంది. సూది వెళ్ళిన చోట కాగితం వెనక్కి పొడుచుకు వచ్చినందువల్ల ఏర్పడే గరుకు అది. సన్నరకం గరుకు కాగితంతో దాన్ని తేలికగా రుద్ది తీసేయకపోతే ఆ చిల్లులు మళ్ళీ మూసుకుపోతాయి. చాలామంది ఈ ఒక్క పనీ మానేసి, పొడి సరిగా దిగలేదని బాధపడుతుంటారు.

పొడి విషయానికి వస్తే, మగ్గం సామాను అమ్మే దుకాణాల్లో దొరికే జింక్ ఆక్సైడ్‌ను కిరోసిన్‌లో కలిపి వాడతారు. జింక్ ఆక్సైడ్ మెత్తని తెల్లపొడి, కిరోసిన్‌లో కరగదు. కిరోసిన్ దాన్ని చిల్లుల గుండా నేతలోని పల్లాల దాకా తీసుకెళ్ళి, తాను ఆరిపోతుంది. చెంచాడు పొడికి రెండు చెంచాల కిరోసిన్‌తో మొదలుపెట్టి, గట్టి పెరుగు చిక్కదనానికి వచ్చేలా చూసుకోండి. మజ్జిగలా పలచనైతే కాగితం అడుగున పాకి, చుక్కకు బదులు మరక పడుతుంది. ఒక గుడ్డ ఉండను అందులో ముంచి, బాగా పిండి, కాగితం కదలకుండా నాలుగు వైపులా బరువులు పెట్టి, ఒకే దిశలో రుద్దండి. కాగితాన్ని ఒక్కసారిగా ఎత్తేయకుండా, ఒక మూల మాత్రం లేపి చుక్కలు పడ్డాయో లేదో చూసుకుని, పడని చోట మళ్ళీ రుద్దండి. మొత్తం ఎత్తేశాక తిరిగి అదే స్థానంలో పెట్టడం ఎంత చెయ్యి తిరిగిన వారికైనా కష్టమే.

ఇంకో మాట. జాకెట్ కొలతల గీతలను, అంటే మెడ మధ్యగీత, భుజం, చేతుల అంచులను, డిజైను కంటే ముందే కచ్చా కుట్టుతో బట్ట మీద వేసుకోండి, ఎందుకంటే సుద్దతో వేసిన కొలతలు మీరు గుడ్డ ఉండతో రుద్దేటప్పుడే పోతాయి. రెండో చేతికి అదే కాగితాన్ని తిరగేసి వాడాలి. తిరగేయడం మరిచిపోతే రెండు నెమళ్ళూ ఒకే వైపు చూస్తాయి. పని అయిన వెంటనే కాగితాన్ని కిరోసిన్ గుడ్డతో తుడిచి ఆరబెడితే చిల్లులు పూడుకుపోకుండా మరో పది జాకెట్లకు పనికివస్తుంది.

బట్టను కనీసం గంటసేపు గాలికి ఆరనిచ్చి, వాసన తగ్గాకే మగ్గానికి బిగించండి. కుట్టు పూర్తయ్యాక బయటికి కనబడే చుక్కలను మెత్తని బ్రష్షుతో దులిపి, మిగిలినవాటిని కిరోసిన్ చుక్క అద్దిన తెల్ల గుడ్డతో ఒత్తి తీయండి. నీళ్ళు తగలనివ్వకండి, పట్టు మీద నీటి చుక్క ఆరితే దాని మచ్చ వేరే పడుతుంది. ఇదంతా అసలు బట్ట మీద చేసే ముందు, అదే బట్ట ముక్క మీద పొడి దింపి, రెండు రోజులు అలాగే ఉంచి తీసి చూడండి. అప్పటికప్పుడు పోయిన గుర్తు రెండు రోజులు ఆగాక పోకపోవచ్చు, మీ మగ్గం పని కూడా ఒక్క రోజులో అయ్యేది కాదు కదా.

ప్రశ్న: మేము హైదరాబాదులో చిన్న ఫ్లాటులో ఉంటున్నాము. ఇంట్లో చంటిపిల్లాడు ఉన్నాడు. కిరోసిన్ లేకుండా ఈ పద్ధతి కుదరదా? కిరోసిన్ దొరకడం కూడా కష్టంగానే ఉంది. పెట్రోలు వాడవచ్చని ఒకరు చెప్పారు.
(ఒక పాఠకురాలు, హైదరాబాదు)

జవాబు: పెట్రోలు మాట దయచేసి మరచిపోండి. కిరోసిన్ ఆవిరి మంట అందుకోవడానికి సుమారు 38 డిగ్రీల వేడి చాలు, మే నెలలో మన ఊళ్ళలో గది బయట అంతకంటే ఎక్కువే ఉంటుంది. పెట్రోలుకైతే ఆ మాత్రం వేడి కూడా అక్కరలేదు. తలుపులు మూసిన గదిలో, పక్కన స్టవ్వో దేవుడి దీపమో వెలుగుతుండగా ఈ పని చేయడం ప్రాణాలతో చెలగాటం. చంటిపిల్లాడున్న ఇంట్లో కిరోసిన్ కూడా వద్దనే నా సలహా.

కుదురుతుంది, కొంచెం ఓపిక ఎక్కువ కావాలి. అదే చిల్లుల కాగితం మీద మెత్తగా జల్లించిన సుద్దపొడిని పొడిగానే గుడ్డ ఉండతో గుండ్రంగా తిప్పుతూ అద్దండి. కాగితం ఎత్తాక బట్ట మీద ముగ్గుచుక్కల్లాంటి వరుస కనిపిస్తుంది. దానిని ఊదకుండా, తాకకుండా, సన్నని కుంచెతో తెల్ల పోస్టర్ రంగును తక్కువ నీటితో తీసుకుని చుక్కలను కలుపుతూ గీత గీయాలి. రంగు ఆరాక మిగిలిన పొడిని దులిపేస్తే గీత మాత్రం నిలుస్తుంది. ఈ గీత వారాల తరబడి చెదరదు, కాని పూర్తిగా పోదు కూడా, కనుక కుట్టు దానిని మొత్తం కప్పేలా ఉండాలి. జర్దోసీ, పూసలు, దట్టమైన చైన్ కుట్టు వంటివాటికి ఇది సరిపోతుంది. నల్లబట్ట మీద మెరూన్ దారంతో ఒంటిపోగు గీత కుట్టేవారు మాత్రం దీనిని వాడకూడదు, దారం పక్కనుంచి తెలుపు తొంగిచూస్తుంది.

ప్రశ్న: మెరూన్ వెల్వెట్ లంగా మీద అంచు డిజైన్ దింపాలి. ఏ పొడి వేసినా బట్ట బొచ్చులోకి దిగిపోయి కనబడకుండా పోతోంది. ఇస్త్రీ పెట్టి అంటించే కాగితం వాడితే బొచ్చు అణిగిపోయి మచ్చలా పడింది.
(ఒక పాఠకురాలు, వరంగల్)

జవాబు: వెల్వెట్ ముఖం మీద ఏ గుర్తూ పెట్టకూడదన్నది నేను చాలా బట్టలు పాడుచేసుకుని నేర్చుకున్న సంగతి. మీరు రాసినట్టే పొడి నిలవదు, సుద్ద అరిగిపోతుంది, వేడి తగిలితే బొచ్చు లేవదు. దీనికి దారంతోనే గీత వేయడం ఒక్కటే నమ్మదగిన మార్గం.

పలుచని మల్ గుడ్డ మీద డిజైనును గీసి, వెల్వెట్ వెనుక వైపున పరచి, చుట్టూ కచ్చా కుట్టు వేసి కదలకుండా చేయండి. తరువాత వెనుక నుంచే, బట్ట రంగుకు పూర్తిగా భిన్నమైన దారంతో, గీతల వెంబడి చిన్న చిన్న పరుగు కుట్లు వేయండి. ముఖం వైపు తిప్పి చూస్తే డిజైను దారంలో కనబడుతుంది. మల్ గుడ్డ అక్కడే ఉండిపోయి, పూసల బరువుకు వెల్వెట్ సాగకుండా పట్టుకుంటుంది కూడా. వెనుక నుంచి దింపుతున్నారు కాబట్టి డిజైనును తిరగేసి గీయాలి. లతలైతే ఎవరూ గమనించరు గాని, పేర్లూ అక్షరాలూ ఉంటే మాత్రం తిరగేయకపోవడం వల్ల వచ్చే తప్పు కుట్టిన తరువాత సరిదిద్దలేరు.

వెనుక నుంచి కుట్టడం ఇబ్బంది అనిపిస్తే, ముఖం మీద పలుచని టిష్యూ కాగితం పరచి, దాని మీద గీసిన డిజైను వెంబడి కచ్చా కుట్లు వేసి, ఆ తరువాత కాగితాన్ని చింపివేయవచ్చు. సూది చిల్లుల వెంబడి కాగితం తేలికగానే చిరుగుతుంది, మిగిలిన ముక్కలను చిన్న పట్టకారుతో తీయాలి. కచ్చా కుట్లు మరీ పొడవుగా వేస్తే కాగితంతో పాటు ఊడి వస్తాయి, మరీ చిన్నగా వేస్తే చివర్లో విప్పడానికి ఓపిక చాలదు; అర సెంటీమీటరు నాకు అనుకూలంగా అనిపించింది. పూలూ ఆకులూ కుట్టుకుంటూ పోతున్నప్పుడే ఎక్కడికక్కడ కచ్చా దారాన్ని తీసివేయండి, అంతా అయ్యాక తీద్దామనుకుంటే పూసల కింద చిక్కుకుంటుంది.

ప్రశ్న: నల్ల కాటన్ మీద తెల్ల జెల్ పెన్నుతో గీయవచ్చా?
(ఒక పాఠకుడు, నెల్లూరు)

జవాబు: గీయవచ్చు, చక్కగా కనబడుతుంది, ఆ తరువాత ఉతికినా పోకపోవచ్చు. కుట్టు కిందికి పూర్తిగా పోయే గీత అయితేనే ఆ ధైర్యం చేయండి. దర్జీలు కొందరు ఒంటిసబ్బు అరిగిపోగా మిగిలిన పలుచని బిళ్ళను ఎండబెట్టి ముదురు బట్టల మీద గీస్తారు. సన్నని లతలకు పనికిరాదు గాని, నిలువు గీతలకూ గళ్ళకూ అంతకంటే చవకైన సాధనం లేదు; ఉతికితే పోతుంది.

ప్రశ్న: ఇటుక రంగు కాటన్ మీద, ఇస్త్రీ వేడికి మాయమయ్యే నల్ల పెన్నుతో డిజైన్ గీసి కుట్టాను. ఇస్త్రీ చేయగానే నలుపు పోయింది గాని లేత జాడ మిగిలింది. జనవరిలో ఆ బట్టను కారులో రాత్రంతా వదిలేస్తే గీతలన్నీ మళ్ళీ వచ్చాయి! ఇదెలా జరిగింది?
(ఒక పాఠకురాలు, ఎడ్మంటన్, కెనడా)

జవాబు: ఆ సిరా పోలేదమ్మా, రంగు కోల్పోయింది, అంతే. సుమారు 60 డిగ్రీలు దాటిన వేడికి దాని రంగు మాయమవుతుంది. సుమారు మైనస్ 10 డిగ్రీల కంటే చల్లబడితే తిరిగి వస్తుంది. మీ ఊళ్ళో జనవరి రాత్రి దానికి సరిగ్గా తగిన చలి. తెనాలిలోనో కర్నూలులోనో ఉన్నవారికి ఈ అనుభవం జన్మలో రాదు, అందువల్లే ఇక్కడి వారు ఆ పెన్నులను గుడ్డిగా మెచ్చుకుంటారు. లేత జాడ అన్నది ముదురు బట్టల మీద ఆ పెన్నుల సహజ లోపం: రంగు పోయినా సిరాలోని మిగతా పదార్థం పోగులకు అంటుకునే ఉంటుంది, తెల్లబట్ట మీద అది తెలియదు, ముదురు బట్ట మీద తెలుస్తుంది. కాటన్ కాబట్టి ముందు సబ్బునీటిలో నెమ్మదిగా ఉతికి, ఆరాక ఇస్త్రీ చేసి చూడండి. ఆ తరువాత కూడా జాడ ఉంటే, దాని వెంబడి సన్నని కాడకుట్టు అదనంగా వేయడమే మిగిలిన దారి. ఇక్కడి నుంచి మీ దేశానికి కుట్టించి పంపేవారికి కూడా ఆ పెన్ను వాడవద్దని ముందే చెప్పండి.

ప్రశ్న: నల్ల కాటన్ కుర్తీ మీద చిన్న చిన్న పూలు చేతితో కుట్టాలి. నీటిలో కరిగిపోయే పారదర్శకమైన షీటు వాడితే గీతల బాధే ఉండదంటున్నారు, నిజమేనా?
(ఒక పాఠకురాలు, విజయవాడ)

జవాబు: మీ పనికి అదే అన్నిటికంటే అనువైనది. షీటు మీద డిజైను గీసి, బట్టతో కలిపి ఫ్రేములో బిగించి, రెండింటినీ కలిపి కుట్టి, చివర్లో నీటిలో నానబెడితే షీటు కరిగిపోతుంది, బట్ట మీద అసలు గీతే పడదు. అయితే షీటు మీద బాల్‌పెన్నుతో గీయకండి. షీటు కరిగినా ఆ సిరా కరగక మీ లేత దారాలకు పట్టుకుంటుంది; నీటితో పోయే మార్కర్ గాని, పెన్సిలుతో తేలికగా వేసిన గీత గాని చాలు. ఒక్కసారి ముంచి తీస్తే కుట్టు ఆరాక గంజి పెట్టినట్టు బిరుసుగా ఉంటుంది, కనుక నీళ్ళు మార్చి రెండు మూడు సార్లు జాడించండి. నల్ల కాటన్ మొదటి ఉతుకులో రంగు దిగే అవకాశం ఎక్కువ కాబట్టి, కుట్టు మొదలుపెట్టక ముందే కుర్తీని ఒకసారి ఉతికి, నీటిలో రంగు ఇక కనబడని దాకా జాడించి ఆరేసుకోండి. తెల్ల దారంతో కుట్టిన పూలు బూడిదరంగుకు తిరిగాయని వచ్చిన ఫిర్యాదులు ఇంకో మూడు నా బల్ల మీద ఉన్నాయి, వాటన్నిటికీ జవాబు ఇదే.