అమ్మోనియా మెషీన్ తెలిసినవారు ఏసీ పనిని ఓనమాల నుంచి నేర్చుకోవాలా?

ప్రశ్న: నా వయసు 37. పదో తరగతి పాసయ్యాను. గుంటూరులో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో, మెషీన్ రూము ఆపరేటర్ దగ్గర పదకొండేళ్లుగా సహాయకుడిగా ఉన్నాను. జీతం పెరగడం లేదు. అమెరికాలో నలభై ఏళ్లవాళ్లు కూడా సాయంత్రం పూట కమ్యూనిటీ కాలేజీకి వెళ్లి ఏసీ పని నేర్చుకుంటారని మా బావమరిది చెబుతున్నాడు. ఇక్కడ ఒక ప్రైవేటు సంస్థ మూడు నెలల కోర్సుకు 45 వేలు అడుగుతోంది, ఉద్యోగం ఖాయమంటోంది. అందులో చేరనా, ఐటీఐకి వెళ్లనా?

జవాబు: ఆ 45 వేలు ఇప్పుడే కట్టకండి. ఉన్న ఉద్యోగం మానకండి.

మీ బావమరిది చెప్పింది నిజమే. మన దేశంలోనూ యూజీసీ కమ్యూనిటీ కాలేజీల పేరుతోనే ఒక పథకం తెచ్చింది. కానీ మీలాంటివారికి కావలసిన చదువు ఇక్కడ ఒకే గుమ్మంలో దొరకదు. ఐటీఐలో కొంత, కేంద్ర ప్రభుత్వ సాయంతో నడిచే జన శిక్షణ సంస్థాన్‌లో కొంత, నైపుణ్య శిక్షణ కేంద్రాల్లో కొంత వెతుక్కోవాలి.

ఐటీఐలో రెఫ్రిజిరేషన్, ఎయిర్ కండిషనింగ్ ట్రేడు రెండేళ్లు. పదో తరగతి చాలు, గరిష్ఠ వయోపరిమితి లేదు. ఇరవై ఏళ్ల కుర్రాడు అడిగితే కళ్లు మూసుకుని చేరమంటాను. పగలంతా తరగతుల్లో కూర్చుంటే మీ ఇల్లు గడిచేదెలా?

అసలు మీరు ఓనమాల దగ్గర లేరు. అన్ని సీజన్లు మెషీన్ రూములో గడిపిన మనిషికి కంప్రెసర్ శబ్దం మారితే తెలిసిపోతుంది. కంప్రెసర్‌లోకి వచ్చే, బయటికి వెళ్లే గ్యాస్ ఒత్తిడి చూపే సక్షన్, డిశ్చార్జి గేజీలు చూసి లోపం ఎక్కడుందో పసిగట్టగలరు. వేల మిర్చి టిక్కీలు (బస్తాలు) నిలవచేసే గదికైనా, పడకగదికైనా చల్లబరిచే సూత్రం ఒక్కటే. తేడా గొట్టాల్లో ఉంది. మీ కోల్డ్ స్టోరేజీలో చల్లబరచడానికి వాడే అమ్మోనియా రాగిని తినేస్తుంది కాబట్టి మీ దగ్గరంతా ఉక్కు పైపులే. ఇంటి ఏసీలో ఎక్కువగా రాగి పనే ఉంటుంది: గొట్టం కోసి ఫ్లేరింగ్ చేయడం (మూతి వెడల్పు చేయడం), బ్రేజింగ్ (వేడితో అతకడం), నైట్రోజన్‌తో లీకు చూడడం, వాక్యూమ్ పంపుతో గాలినీ తేమనూ లాగేశాకే గ్యాస్ నింపడం. పైగా కొత్త ఏసీల్లో ఎక్కువగా వాడే ఆర్32 గ్యాస్‌కు కొంత మండే గుణం ఉంది, దాన్ని వాడే జాగ్రత్తలు వేరు. ఇన్వర్టర్ ఏసీల బోర్డులు, మల్టీమీటర్ వాడకం కూడా నేర్చుకోవాలి. మీకు తక్కువైనవి ఇవే.

కాబట్టి ఆ ప్రైవేటు సంస్థకు వెళ్లాలనుకుంటే తరగతి జరిగే వేళకు వెళ్లండి. ఆఫీసు గదిలో టీ ఇచ్చి కూర్చోబెడితే కూర్చోకండి, వర్క్‌షాపు చూపించమనండి. ఒక్కో ఏసీ చుట్టూ ఎంతమంది నిలబడ్డారు? వాక్యూమ్ పంపు మూలన దుమ్ము కొట్టుకుని ఉందా? లీకు పరీక్షకు నైట్రోజన్ బదులు ఆక్సిజన్ వాడుతుంటే మాత్రం మారుమాట లేకుండా వచ్చేయండి. కంప్రెసర్ ఆయిల్‌కు ఒత్తిడితో ఉన్న ఆక్సిజన్ తగిలితే పేలుతుంది. సర్టిఫికెట్ ఇచ్చే సంస్థకు ఎన్‌సీవీఈటీ (వృత్తి శిక్షణను నియంత్రించే కేంద్ర సంస్థ) గుర్తింపు ఉందో లేదో అడగండి. ఉద్యోగ హామీని కాగితం మీద రాసివ్వమనండి, అక్కడే చాలామంది మాట మార్చేస్తారు.

దానికంటే ముందు రెండు చోట్ల విచారించండి. పని అప్పటికే తెలిసినవారికి కొద్దిపాటి శిక్షణ ఇచ్చి, పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి ఉంది. దాన్ని ఆర్‌పీఎల్ అంటారు. మీ ట్రేడులో ఆ పరీక్ష ఎప్పుడుంటుందో ప్రభుత్వ నైపుణ్య శిక్షణ కేంద్రంలో అడగండి. జన శిక్షణ సంస్థాన్‌లో నలభై అయిదేళ్ల వరకు చేర్చుకుంటారు, ఫీజు నామమాత్రం. అయితే అన్నిచోట్లా అన్ని కోర్సులూ ఉండవు.

శిక్షణ వానాకాలంలో పెట్టుకోండి. ఫిబ్రవరి నుంచి మే దాకా కోల్డ్ స్టోరేజీకి సరుకు వచ్చే కాలమూ, ఏసీ మెకానిక్‌లకు ఊపిరాడని కాలమూ ఒక్కటే. రెండూ మీద వేసుకుంటే దేనికీ న్యాయం చేయలేరు. శిక్షణ తర్వాత వచ్చే మొదటి వేసవిలో, మీ సెలవు రోజుల్లో మాత్రం ఒక మంచి మెకానిక్ వెంట వెళ్లండి. గుంటూరు ఎండల్లో ఆయనకూ మనిషి సాయం కావాలి.

ఈలోగా మీ యజమాని దగ్గర అనుభవ పత్రం తీసుకోండి. ఉత్త ‘సహాయకుడు’ అని రాయించుకోవద్దు. ఏ కంప్రెసర్ల మీద, ఎన్నేళ్లు, ఏ పనులు చేశారో రాయించుకోండి. ఆయన వెనకాడితే జీతం పడిన బ్యాంకు ఖాతా వివరాలు, పీఎఫ్ ఉంటే దాని కాగితాలు దగ్గర పెట్టుకోండి.