తినకుండా చంపవలసి వచ్చినప్పుడు

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం చేరింది. ఇక్కడ టెక్సాస్‌లో నువ్వు కొత్తగా కొన్న పొలంలో అడవిపందులు ఒక్క రాత్రిలో గడ్డినేలంతా పెళ్లగించాయని, పక్క పొలం ఆయన "కాల్చి పారెయ్" అని చెప్పి వెళ్లాడని, మీ ఇంట్లో పందిమాంసం ఎవరూ తినరు కనుక తిననిదాన్ని చంపడానికి నీకు మనసొప్పడం లేదని రాశావు. ఆ జంకు నీకు ఉన్నందుకు సంతోషించాను. టెక్సాస్‌లో ఇన్నేళ్లుగా భూమి చూసుకుంటున్న నేను కూడా మొదట్లో అక్కడే ఆగిపోయాను కాబట్టి, నేను నేర్చుకున్నదంతా కొంచెం వివరంగానే రాస్తున్నాను.

చంపినదాన్ని తినాలన్న నియమం మంచిదే. సరదా కోసం ప్రాణం తీయకూడదని, అవసరానికి మించి చంపకూడదని మనిషి తనకు తాను వేసుకున్న పగ్గం అది. జింక విషయంలో నేనూ దాన్ని తప్పను. అయితే ఆ నియమం జింకకు ఎందుకు సరిపోతుందో ఆలోచించు. జింక ఈ నేలకు చెందినది, దాని మంద రేపు కూడా ఉండాలి, అందుకే ఎంత తినగలమో అంతే తీసుకోవాలి. పంది సంగతి వేరు. 1539లో స్పెయిన్ సేనాని హెర్నాండో డి సోటో ఫ్లోరిడా తీరాన దిగినప్పుడు తన సైన్యం ఆహారం కోసం పందులను తోలుకొచ్చాడు. తర్వాతి కాలంలో వలస వచ్చినవాళ్లు పెంపుడు పందులను అడవిలోకి మేతకు వదిలేశారు. 1930ల్లో వేట సరదా కోసం ఐరోపా అడవిపందులను టెక్సాస్‌కు తెప్పించి వదిలారు. రెండూ ఒకే జాతి కనుక కలిసిపోయాయి. మన దేశంలో అడవిపంది ఆ అడవిలో పుట్టి పెరిగిన జంతువు, అక్కడ దాని సంఖ్యకు హద్దు పెట్టే పులి, చిరుత ఉన్నాయి. వరాహమూర్తికి దండం పెట్టుకునే ఇంట్లో పుట్టి పందిని ఎలా చంపనని నువ్వు అడిగిన మాటను నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. పందిపై ద్వేషంతో ఈ పని చేయవద్దు. తప్పు దానిది కాదు, తెచ్చి వదిలిన మనుషులది, దిద్దవలసిన బాధ్యత కూడా మనుషులదే.

ఒకసారి తెల్లవారకముందే వాగు గట్టుకు వెళ్లి చూడు. ముట్టెతో తవ్విన చోట నేల నాగలి పెట్టి అడ్డదిడ్డంగా దున్నినట్టు ఉంటుంది, గడ్డి వేళ్లు పైకి తేలి ఉంటాయి, పొర్లిన గుంటల్లో నీళ్లు బురదగా మారి కంపు కొడుతుంటాయి. నేల మీద గూడు కట్టుకునే కౌజు పిట్టల గుడ్లు, అడవి టర్కీల గుడ్లు కనబడితే మిగలనివ్వవు, అప్పుడే పుట్టిన జింకపిల్లలను కూడా తినేస్తాయి. ఆడపంది ఏడాది నిండకుండానే ఈనగలదు, దాని చూడి కాలం నాలుగు నెలల లోపే, ఒక్కో ఈతకు నాలుగు నుంచి ఆరు పిల్లలు పుడతాయి. టెక్సాస్‌లో వీటి సంఖ్య 20 లక్షలకు పైనే ఉంటుందని అంచనా. పెరుగుదలను ఆపాలంటేనే ఏటా సుమారు మూడింట రెండు వంతులను తొలగించాలని ఇక్కడి వ్యవసాయ విస్తరణ శాఖ వాళ్లు చెబుతారు. ఒక కుటుంబం ఏడాదికి ఒకటో రెండో పందులను తినగలదు. నీ పొలంలో తిరుగుతున్నవి ఇరవై అయితే, తినగలిగినన్నే చంపుతానని కూర్చుంటే మిగిలినవి వచ్చే ఏడాదికి మళ్లీ ఇరవై దాటుతాయి, ఆ రెండు ప్రాణాలూ ఏ మేలూ చేయకుండానే పోతాయి. నా దృష్టిలో వృథా అంటే అదే.

ఇంకొక సంగతి చాలామంది గమనించరు. పంది మాంసంగానో వేటగానో విలువైనదైతే, అది ఉండాలని కోరుకునేవాళ్లు పుట్టుకొస్తారు. టెన్నెసీలో 1999లో పందులను తగ్గిద్దామని రాష్ట్రమంతటా లెక్క లేకుండా వేటాడనిచ్చారు. తగ్గలేదు సరికదా, మునుపెన్నడూ పంది కనబడని ప్రాంతాలకు కూడా పాకాయి, ఎందుకంటే వేట కోసం కొందరు దొంగచాటుగా తెచ్చి వదిలారు. చివరికి 2011లో వాటిని వేట జంతువుల జాబితా నుంచి తీసేసి పద్ధతి మార్చుకోవలసి వచ్చింది. మిసౌరీలోని ప్రకృతి సంరక్షణ శాఖ 2016లో తన భూముల్లో పందుల వేటనే నిషేధించి, మందలను మొత్తంగా బోనుల్లో పట్టే దారిని ఎంచుకుంది. అందుకే తినడం కోసమే చంపానన్న మాట దానికదే పనిని ధర్మం చేయదు, తినలేదన్న మాట దాన్ని అధర్మమూ చేయదు.

నా మనసు కుదుటపడింది శాంటా క్రూజ్ దీవి కథ తెలిశాకే. కాలిఫోర్నియా తీరానికి ఎదురుగా ఉన్న ఆ దీవిలో పిల్లిపాటి చిన్న నక్కలు ఉన్నాయి, అవి ఆ తీరపు దీవుల్లో తప్ప మరెక్కడా లేవు. పందిపిల్లలు సులువుగా దొరుకుతుండటంతో బంగారు గద్దలు దీవికి వచ్చి స్థిరపడ్డాయి, పందిపిల్లలతో పాటు నక్కలనూ ఎత్తుకుపోయాయి, నక్కలు వందలోపుకు పడిపోయాయి. 2005, 2006 సంవత్సరాల్లో 5,000కు పైగా పందులను చంపి, దీవిని పూర్తిగా పందుల్లేని చోటుగా చేశారు. మాంసం కోసం చేసిన పని కాదది. గద్దలను కూడా పట్టి వేరేచోటికి తరలించారు, నక్కలను సంరక్షణలో ఉంచి పెంచారు. 2016లో ఆ నక్కను అంతరించే ప్రమాదమున్న జీవుల జాబితా నుంచి తొలగించారు. అన్ని వేల ప్రాణాలు తీయడం చిన్న విషయమని నేను అనను. కానీ ఆ పనికి ఒక హద్దు, ఒక ముగింపు ఉన్నాయి, ఆ తర్వాత అక్కడ ఏటేటా పందులను చంపవలసిన అవసరమే లేకుండా పోయింది.

ఇక ఎలా చంపాలన్న సంగతి. నా దృష్టిలో అసలు ధర్మం ఇక్కడే ఉంది, కనుక నా తప్పును దాచకుండా చెబుతాను. మొదటి ఏడాది ఒక రాత్రి మందలో పెద్దదాన్ని చూసి కాల్చాను, మిగిలినవి చెల్లాచెదురై పారిపోయాయి. దగ్గరికి వెళ్లి లైటు వేసి చూస్తే దాని పొదుగు నిండుగా ఉంది, ఒక చన్ను నుంచి పాలు ఇంకా కారుతున్నాయి. రెండు రోజుల పాటు వాగు పొదల్లో పిల్లల అరుపులు సన్నగా వినిపించాయి, మూడో రోజు వినిపించలేదు. ఎంత వెతికినా నాకు దొరకలేదు. తినలేదన్న బాధ ఆ పక్కన నాకు ఎంత మాత్రమూ గుర్తుకు రాలేదు.

అందుచేత ఒంటరిగా ఒక్కదాన్ని కాల్చే పని పెట్టుకోకు. ముందు కెమెరా పెట్టి మందలో ఎన్ని ఉన్నాయో, పిల్లలెన్నో లెక్క తేల్చుకో. పెద్ద వలయంలాంటి కంచె బోను కట్టి, తలుపు తెరిచి ఉంచి, రోజూ మొక్కజొన్న వేస్తూ అన్నీ లోపలికి రావడం అలవాటయ్యేదాకా ఓపిక పట్టు. రెండు మూడు వారాలు పట్టినా పరవాలేదు. మొత్తం మంద లోపలికి వచ్చిందని కెమెరాలో చూశాకే తలుపు పడేలా చెయ్యి. సగం మందను పడితే బయట మిగిలినవి ఆ బోను దరిదాపులకు మళ్లీ రావు. పట్టినవాటిని ఎండలో నిలబెట్టి సాయంత్రం చూద్దామనుకోకు, తెల్లవారేసరికి పని పూర్తి కావాలి. నుదుటి మీద ఎక్కడ కాల్చాలో, దేనితో కాల్చాలో అనుభవమున్నవాళ్ల దగ్గర నేర్చుకుని, మొదటిసారి వాళ్లను వెంట ఉంచుకో. విషపు మేత జోలికి వెళ్లవద్దు. రక్తం గడ్డకట్టనివ్వని మందుతో చేసిన మేత తిన్న పంది లోలోపల రక్తస్రావమై రోజుల తరబడి బాధపడి చస్తుంది. చట్టం ఒప్పుకున్నా నేను దాన్ని ఒప్పుకోలేను. కుక్కలను ఉసిగొల్పి పట్టించడమూ వద్దు.

చట్టం మాట కూడా తెలుసుకో. 2019 సెప్టెంబరు 1 నుంచి టెక్సాస్‌లో సొంత భూమిలో అడవిపందులను చంపడానికి వేట లైసెన్సు అక్కర్లేదు. అయితే హావలీనా అనే జంతువు చీకట్లో చూడటానికి పందిలాగే ఉంటుంది. అది ఈ నేలకే చెందిన వేరే కుటుంబపు జీవి, దానికి లైసెన్సు, పరిమితి అన్నీ ఉన్నాయి. మెడ చుట్టూ తెల్లని పట్టీ ఉందేమో చూడకుండా తుపాకి ఎత్తకు.

ఇరుగుపొరుగులో ఎవరైనా మాంసం అడిగితే సంతోషంగా ఇవ్వు. కోసేవాళ్లు చేతులకు తొడుగులు వేసుకోవాలి. బ్రూసెల్లా అనే సూక్ష్మజీవి రక్తం నుంచి చర్మపు గాట్ల ద్వారా మనిషికి అంటుకుంటుంది, నెలల తరబడి జ్వరంతో పీడిస్తుంది. మాంసం లోపల 160 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా ఉడకాలి. పచ్చి మాంసం కుక్కలకు వేయవద్దు, పందులకు వచ్చే ఒక వైరసు కుక్కలను చంపేస్తుంది. కాల్చి చంపిన పంది మాంసాన్ని అమ్మడానికి వీల్లేదు, అమ్మే మాంసానికి జంతువు ప్రాణంతో ఉండగానే తనిఖీ జరగాలి. కనుక పంచినా కొన్ని కళేబరాలు మిగిలే తీరతాయి.

వాటి విషయంలో అశ్రద్ధ చేయకు. సీసపు తూటా ఒంట్లో తునకలైతే, ఆ మాంసం తిన్న రాబందులకూ గద్దలకూ సీసం విషం ఎక్కుతుంది. రాగి తూటాలు కొంచెం ఖరీదు, అయినా అవే కొను. కళేబరాలను వాగుకు, బావికి, వరద నీరు పారే చోటుకు దూరంగా లోతుగా పాతిపెట్టు. ఫోటోలు తీసి ఎవరికీ పంపకు, పక్కన నవ్వుతూ నిలబడకు. నీ పిల్లల్లో పెద్దవాడు అడిగితే జరిగింది జరిగినట్టు చెప్పు, చిన్నదాన్ని మాత్రం ఆ రోజు ఇంట్లోనే ఉండనివ్వు.

థాంక్స్‌గివింగ్ సెలవులకు నేను అక్కడికి వస్తాను. అప్పటికి కెమెరా లెక్క రాసి ఉంచు, ఏ వేళకు వస్తున్నాయో, ఏ వైపు నుంచి వస్తున్నాయో కూడా రాయి. బోను ఎక్కడ కట్టాలో ఇద్దరం కలిసి నడిచి చూద్దాం. మొదటిసారి ఆ ఉదయం నువ్వు ఒక్కడివే ఉండకూడదు.

ఆశీస్సులతో,
నీ మామయ్య