కువైట్‌కు వచ్చాక బాబు మారిపోయాడు.. నాకూ నిద్ర లేదు

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. మా ఆయన పెళ్లికి ముందు నుంచే కువైట్‌లో పనిచేస్తున్నారు. మూడు నెలల క్రితం నన్ను, మా నాలుగేళ్ల బాబును తీసుకొచ్చుకున్నారు. వచ్చినప్పటి నుంచి బాబు అన్నం సరిగా తినడు, రాత్రి పన్నెండు దాటినా పడుకోడు. ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైంది. నర్సరీలో నోరే విప్పడం లేదంట. ఈమధ్య నాకూ నిద్ర పట్టడం లేదు. ఊరికే ఏడుపొస్తోంది, గుండె దడగా ఉంటోంది. అమ్మతో చెబితే, ఊరి నుంచి వచ్చేవాళ్ల చేత నిద్రమాత్రలు పంపిస్తానంటోంది. బాబును ఏ డాక్టర్‌కు చూపించాలి?
– ఒక సోదరి, ఫర్వానియా

జవాబు (సైకియాట్రిస్ట్, కడప): బాబును పిల్లల డాక్టర్‌కు చూపించండి అమ్మా. అంతకన్నా ముందు మీరు చూపించుకోండి. మీ గురించి రెండు ముక్కలే రాశారు కానీ, నాకు ఎక్కువ దిగులు కలిగించినవి అవే. కొత్త చోట భయపడాలో వద్దో చిన్నపిల్లలు అమ్మ ముఖం చూసి తెలుసుకుంటారు. మీరు కాస్త తేరుకుంటే వాడి సగం ఇబ్బంది దానంతటదే తగ్గుతుంది.

మన కడప వైపు ‘కువైట్‌కు పోయింది, ఇంకేం కష్టం’ అంటారు. అందుకే అక్కడ కుమిలిపోతున్న ఆడవాళ్లు ఫోన్‌లో బాగున్నామనే చెబుతారు. మీరు దాచుకోకుండా రాశారు, మంచి పని చేశారు.

మీ ఉత్తరంలో లేని సంగతి ఒకటి అడగాలి. పుట్టినప్పటి నుంచి బాబు వాళ్ల నాన్నతో ఎన్నాళ్లు గడిపాడు? సెలవుకు వచ్చినప్పుడు నెలో రెండు నెలలో అయి ఉంటుంది. ఇప్పుడేమైంది? ఫోన్‌లో ఉండే నాన్న ఇంట్లోకి వచ్చాడు, ఇంట్లో ఉండే అమ్మమ్మ ఫోన్‌లోకి వెళ్లిపోయింది. వీధిలో ఆడుకునే పిల్లలు లేరు. అమ్మ పక్కన ఇంకొకరు పడుకుంటున్నారు. నాలుగేళ్లవాడికి ఇది చాలా పెద్ద మార్పు, మొండితనం అనుకుని కొట్టకండి. మీకూ మీ ఆయనకూ నెలల తరబడి ఒకే ఇంట్లో కలిసి ఉండటం ఇదే మొదటిసారి కావచ్చు. మధ్యలో మాటా మాటా వస్తుంటే అందులో తప్పేమీ లేదు.

శుక్రవారం మీ ఆయనకు సెలవైతే బాబు స్నానం, అన్నం ఆయనకే వదిలేయండి. మొదట్లో ఏడుస్తాడు, మీరు పరుగెత్తుకు రావద్దు. మిగతా రోజుల్లో డ్యూటీ నుంచి ఎంత ఆలస్యంగా వచ్చినా, నాన్న కోసం బాబును మేలుకోబెట్టకండి. ఈ వయసు పిల్లలకు పగటి కునుకుతో కలిపి 10 నుంచి 13 గంటల నిద్ర కావాలి. ఇండియాకు, కువైట్‌కు ఉన్న రెండున్నర గంటల తేడా కొద్ది రోజుల్లోనే సర్దుకుంటుంది కాబట్టి మూడు నెలల తర్వాత కూడా నిద్ర పట్టకపోవడానికి అది కారణం కాదు. ఎండకు భయపడి రోజంతా ఏసీ గదిలో ఉండటం, చేతిలో ఫోన్, సాయంత్రం ఆలస్యంగా పడుకునే కునుకు, ఇవి అసలు కారణాలు కావచ్చు.

ఫోన్ గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. పొద్దస్తమానం వీడియో కాల్ పెట్టుకుంటే మనసు ప్రొద్దుటూరులోనే ఉండిపోతుంది, మీకైనా బాబుకైనా. అలాగని పూర్తిగా మానేయవద్దు. రోజూ ఒకే వేళ పెట్టుకోండి. అక్కడ సాయంత్రం ఐదున్నర అంటే ఇక్కడ ఎనిమిది. అమ్మమ్మను ఓ కథ చెప్పమనండి. అదయ్యాక చల్లబడిన వేళ పార్కుకో, వేసవి అయితే ఏదైనా మాల్‌కో తీసుకెళ్లి పరుగెత్తనివ్వండి. కడప ఎండలు చూసినవాళ్లకు కూడా 50 డిగ్రీల కువైట్ ఎండ కొత్తే, పగటిపూట బయటికి తీయకండి.

పక్క తడపడం బెంగ వల్లే కావచ్చు, ఐదేళ్ల లోపు దాన్ని జబ్బుగా లెక్కించం. తిట్టకుండా దుప్పటి మార్చండి, చాలు. అయితే బాబు విపరీతంగా నీళ్లు తాగుతూ, మాటిమాటికీ మూత్రానికి వెళ్తూ, బరువు తగ్గుతుంటే అదే రోజు షుగర్ పరీక్ష చేయించాలి. మంట, జ్వరం ఉంటే మూత్ర పరీక్ష. నర్సరీలో మాట్లాడకపోవడం గురించి ఇప్పుడే కంగారు వద్దు. కొత్త భాష చెవిన పడినప్పుడు పిల్లలు కొన్ని వారాలు, ఒక్కోసారి నెలలు వింటూ మౌనంగా ఉంటారు. ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లిష్ మొదలుపెట్టకండి. ఇంట్లో కూడా మాట తగ్గినా, పిలిస్తే పలక్కపోయినా పరీక్ష చేయించాలి.

ఇక మీరు. ఊరు మారిన మూడు నెలల్లోపు ఇలా దిగులు, నిద్రలేమి రావడం తరచూ చూసేదే. కానీ రెండు వారాలకు పైగా దాదాపు రోజంతా ఏడుపు, దేని మీదా మనసు లేకపోవడం, ఆకలి లేకపోవడం ఉంటే అది డిప్రెషన్ కావచ్చు. దానికి చికిత్స ఉంది. గుండె దడకు రక్తహీనత, థైరాయిడ్ కూడా కారణం కావచ్చు. అందుకే హిమోగ్లోబిన్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), విటమిన్ బి12, విటమిన్ డి పరీక్షలు చేయించుకోండి. ఎండ మండే దేశంలోనైనా ఇంట్లోనే ఉండేవాళ్లకు డి లోపం వస్తుంది. నెల తప్పి ఉంటే ఆ సంగతి డాక్టర్‌కు ముందే చెప్పండి.

అమ్మను మాత్రం మాత్రలు పంపవద్దని ఈరోజే చెప్పండి. నిద్రకు, టెన్షన్‌కు వాడే మాత్రలు చాలావరకు కువైట్‌లో నియంత్రిత మందులు. తగిన ప్రిస్క్రిప్షన్ లేకుండా పట్టుబడితే తెచ్చినవాళ్ల మీద కేసు అవుతుంది, జైలుకు కూడా పోవాల్సి రావచ్చు. పైగా కొన్ని మాత్రలు అలవాటైపోయి మానడం కష్టమవుతుంది. పాపం ఆమెకూ మీ మీద బెంగే. మనసు ఆగకపోతే ప్రొద్దుటూరు నుంచి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేసి ఉచితంగా తెలుగులోనే మాట్లాడవచ్చు.

చచ్చిపోవాలనిపించినా, బాబుకు ఏమైనా చేసేస్తానేమో అని భయం కలిగినా ఒంటరిగా ఉండకండి. మీ ఆయనకు చెప్పి వెంటనే ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి. కువైట్‌లో అత్యవసర నంబర్ 112. మామూలు పరీక్షలకైనా ఈ వారమే వెళ్లండి. ఒక్కపూట సెలవు పెట్టి ఆయన కూడా రావాలి. ఈ జవాబు ఆయనకు చదివి వినిపించండి.